ఉన్నదా అమ్మా?

తార్నాకలో మా ఆఫీసు ఒక పాత ఇంటి కింది అంతస్తు. ముందు గదిలో ఫోను, టేబులు, రెండు కుర్చీలు. వెనక పడకగదిలో ఆరు సర్వర్లు. ఏసీ చల్లదనం బయటికి పోకుండా ఆ గది కిటికీని ఇటుకలతో మూసేశారు. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. పచ్చళ్ల కంపెనీ, పెళ్లి సంబంధాల ఆఫీసు, చిన్న చిన్న కాలేజీలు... వాళ్ల వెబ్ పేజీలన్నీ మా ఆరు పెట్టెల్లోనే ఉండేవి. అవి ఆగిపోకుండా చూసుకోవడమే నా ఉద్యోగం.

ఆదివారాలు నేనొక్కదాన్నే ఉండేదాన్ని. మిగతావాళ్లకు ఇల్లూ పిల్లలూ ఉన్నారు. నాకు సీతాఫల్‌మండిలో ఒక అద్దె గది ఉంది, అంతే. నాతో ఉండే సింధూజ పెళ్లయి లాలాగూడ వెళ్లిపోయాక ఆ గదిలో నోరు తెరవాల్సిన అవసరమే లేకుండా పోయింది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మాత్రం తప్పకుండా ఒక ఫోను వచ్చేది.

"రజినీ... ఉన్నదా అమ్మా?"

"ఉన్నది సార్."

ఆయన పేరు అచ్యుతరామయ్య. యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు. క్యాంపస్ అవతలి బస్తీలో ఒంటరిగా ఉంటారు. భార్య భారతమ్మ పోయాక, లైబ్రరీకి వచ్చే ఒక స్టూడెంటు ఆమె ఫోటోతో ఒక పేజీ చేసిపెట్టాడట. ఆ పేజీ మా దగ్గరే ఉంది. ఆయనకు రెండు కళ్లూ పోయాయి. అందుకే నన్ను చూసి చెప్పమనేవారు.

నేను పేజీ తెరిచేదాన్ని. ఫోటో పైనుంచి కిందికి మెల్లగా దిగేది. సున్నం గోడ, గోడకు ఆనించిన గొడుగు, తర్వాత నెరిసిన పాపిట, పెద్ద బొట్టు. పేము కుర్చీలో కూర్చుని సూటిగా చూస్తున్న భారతమ్మ.

"ఉన్నది సార్" అంటే, "సల్లగుండు బిడ్డా. తిన్నవా?" అని అడిగేవారు. వారం మొత్తంలో నన్ను ఆ మాట అడిగే మనిషి ఆయనొక్కరే. ఆ ఫోను కోసం ఎదురుచూసేదాన్ని.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి మూడో సర్వరు గరగరమంటోంది. భారతమ్మ పేజీ ఉన్న డిస్కు పాడైంది. కొత్త డిస్కు బిగించి, పోయిన వారం టేపు మీద దాచిన కాపీని దాంట్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. నెమ్మదిగా సాగే పని. మూడింటికి ఫోను మోగింది.

"ఉన్నదా అమ్మా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. మనసు ఒప్పలేదు.

"లేదు సార్. పొద్దున డిస్కు పోయింది. సాయంత్రంలోపు మళ్ల పెడత."



"పొద్దున్నుంచి లేదా?"

"లేదు సార్."

"అందుకేనా..." ఆయన గొంతు గుసగుసలోకి దిగింది. "పొద్దున్నుంచి ఇంట్ల అడుగుల చప్పుడు. ఆమె పోయినంక రెండు నెలలు నన్ను నిద్రపోనియ్యలే బిడ్డా. ఫోటో ఆడ పెట్టినంకనే ఇల్లు నిమ్మళమైంది. నేను ఇన్ని రోజులు అడిగింది నీ పేజీ సంగతి గాదు. ఆమె ఆడ ఉన్నదా అని."

రిసీవరు చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"ఇప్పుడే చప్పుడు ఆగింది" అన్నారాయన. "తలుపు తీసిన చప్పుడైంది. బిడ్డా... నువ్వు ఒక్కదానివే ఉన్నవా? గడియ పెట్టుకో."

ముసలాయన, ఒంటరితనం, భ్రమ. అలాగే సర్దిచెప్పుకున్నాను. అయినా వెళ్లి వీధి తలుపు గడియ పెట్టి, సర్వర్ల గదిలోకి వచ్చి కూర్చున్నాను.

అరగంటకు కరెంటు పోయింది.

ఏసీ ఆగిపోయింది. ట్యూబులైటు ఆరిపోయింది. సర్వర్లు బ్యాటరీ మీద నడుస్తున్నాయి. కిటికీ లేని గదిలో మానిటరు వెలుగు నా చేతుల వరకే. దాని వెనకంతా చీకటి. బయట మండే ఎండ ఉందంటే నమ్మలేనంత చీకటి. వేడెక్కిన వైర్ల వాసన. బ్యాటరీ నిమిషానికోసారి కూత పెడుతోంది. ఆ వాసనలోకి మెల్లగా ఇంకో వాసన వచ్చి కలిసింది. తడి జుట్టుకు రాసిన కొబ్బరినూనె వాసన.

నేను కదల్లేదు.

ముందు గదిలో కుర్చీ జరిగింది.

ఎవరో మాట్లాడుతున్నారు. చాలా నెమ్మదిగా... పాఠం వల్లె వేస్తున్నట్టు...

"చెప్పండి సార్... రజినిని మాట్లాడుతున్న... ఉన్నది సార్... ఉన్నది సార్..."

నా గొంతు.

మొదట యాస కుదరలేదు. మళ్లీ అంది. మళ్లీ. నాలుగోసారికి అచ్చం నేనే.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నా ఊపిరి చప్పుడు కూడా బయటికి వినపడకూడదని... ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. తెర మీద టేపు పని అయిపోయినట్టు పడింది. ఎందుకో పేజీ తెరిచాను. ఫోటో దిగుతోంది. గోడ... గొడుగు... కుర్చీ వెన్ను... కుర్చీ చేతులు...

కుర్చీ ఖాళీ.

పోయిన ఆదివారం ఇదే ఫోటోలో ఆమెను చూశాను.

ముందు గదిలో చప్పుడు లేదు. లేచి తలుపు సందులోంచి చూశాను. ఫోను రిసీవరు టేబులు మీద పడి ఉంది. నేను గడియ పెట్టిన వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఎండ లోపలికి పడుతోంది.

అచ్యుతరామయ్య గారి ఇంటివైపు పరుగెత్తాను. వేసవి సెలవులు. క్యాంపస్ రోడ్ల మీద పిట్ట లేదు. చెట్ల కింద నా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. మాటిమాటికి వెనక్కి చూసుకుంటూ బస్తీ చేరాను. అక్కడి కిరాణా కొట్టాయన ఇల్లు చూపించాడు.

అచ్యుతరామయ్య గారు గడప మీద కూర్చుని ఉన్నారు. బతికే ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది.

"సార్... నేను రజినిని."

ఆయన ముఖం ఎత్తి నవ్వారు. "మళ్ల వచ్చినవా బిడ్డా? ఏమన్న మర్చిపోయినవా?"

"మళ్లా? నేను ఇప్పుడే వస్తున్న సార్."

"ఇందాక నువ్వే గదా వచ్చింది. భారతమ్మ మళ్ల పేజీల కూసున్నది, ఇగ భయం లేదంటివి. నా పక్కనే కూసుండి మంచినీళ్లు తాగితివి. గొంతు నీదే. సీతాఫల్‌మండి రూముకు పోత, ఆకలైతున్నదంటివి."

ఆ రాత్రి నేను గదికి వెళ్లలేదు. లాలాగూడలో సింధూజ వాళ్ల రైల్వే క్వార్టర్సులో పడుకున్నాను. జరిగింది చెప్తే నమ్మలేదు గానీ, పొద్దున నాతో వచ్చింది.

గదికి నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. తీశాను. లోపల చాప పరిచి ఉంది. దాని మీద రెండు కంచాలు. ఒకటి తిని కడిగి బోర్లించి ఉంది. రెండోదాని మీద మూత.

మూత తీసింది సింధూజే.

అన్నం పొగలు కక్కుతోంది.