చెరిపిన ప్రయాణం

విల్లాఖ్‌లో మధ్యాహ్నం మూడింటికి రైలెక్కాం, నేనూ లుడ్విక్కూ. సరిహద్దు కొండ కింది పెద్ద సొరంగం దాటితే మా ఊరు యెసెనిత్సె. నెల్లాళ్లు యూరప్ అంతా రైళ్లలో తిరిగి ఒళ్లు హూనమైపోయింది. చివరి పెట్టెలో మేమిద్దరమే. మంచులో తడిసిన బూట్లు విప్పి హీటరు మీద ఆరబెట్టి, మిగిలిన రొట్టె చెరిసగం తిన్నాం.

మా రైలు పాసు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. నెలలో పది రోజులు ఏ రైలైనా ఎక్కొచ్చు. కానీ ఎక్కేముందు తేదీ, ఎక్కడినుంచి, ఎక్కడికి అన్నది పెన్నుతో మనమే రాసుకోవాలి. రాసింది దిద్దకూడదు. మేమేమో పెన్సిల్‌తో రాసేవాళ్లం. దారిలో ఎవరూ తనిఖీకి రాకపోతే, దిగాక రబ్బరుతో చెరిపేస్తే ఒక రోజు మిగిలినట్టే.

మేం అంటున్నాను గానీ, ఆ పాడు తెలివి నాదే. లుడ్విక్ వద్దురా ఆంజే అని మొత్తుకున్నాడు. పిరికి సన్నాసీ అని వెక్కిరించి, వాడి పాసు కూడా లాక్కుని, ముందురోజు వెనిస్ నుంచి వచ్చిన ప్రయాణం నా చేత్తోనే చెరిపాను. అలా మిగిలిన రోజుతోనే ఇంటికి పోతున్నాం.

రైలు సొరంగంలో దూరింది. ఎనిమిది నిమిషాల్లో వెలుగు రావాలి. పది దాటింది, పదిహేను దాటింది. దీపాలు పచ్చబారాయి. కరెంటు రైల్లో బొగ్గు పొగ వాసన... తర్వాత చక్రాల చప్పుడు కూడా ఆగింది. పెట్టె మాత్రం ఊగుతూనే ఉంది.

వెనక తలుపు తెరుచుకుంది.

మాది చివరి పెట్టె. దాని వెనక ఏమీ లేదు.

పాతకాలం టోపీ పెట్టుకున్న ముసలాయన లోపలికొచ్చాడు. మా పాసులు తీసుకుని, చెరిపిన చోట బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"నిన్న వెనిస్‌లో ఎక్కారు," అన్నాడు గొణుగుతున్నట్టు. "దిగినట్టు ఎక్కడా లేదే. చెరిపిందెవరు?"

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. లుడ్విక్ నావైపు చూశాడు. నేనే చెబుతానని ఎదురుచూశాడు, పిచ్చివాడు.

"వీడే," అన్నాను.

"ఒరేయ్ ఆంజే..." అన్నాడు లుడ్విక్. అంతే.

"చెరిపిన ప్రయాణం ఆగదు బాబూ," అన్నాడు ముసలాయన, వాడి భుజం మీద చెయ్యి వేసి. "రా, ఇంకా చాలా దూరం పోవాలి."

వాడు సాక్సులతోనే నడిచి వెళ్లాడు. తలుపు మూసుకుంది... వెంటనే వెలుగొచ్చింది. తలుపు అద్దంలోంచి చూస్తే ఉత్త పట్టాలు.

యెసెనిత్సె ప్లాట్‌ఫారం మీద లుడ్విక్ వాళ్లమ్మ, నేను పిన్నీ అని పిలిచే మరింక, నిలబడి ఉంది, చేతిలో మాంసం కూరిన వేడి బురెక్ రొట్టెల పొట్లం. లుడ్విక్ ఏడీ అంటే, ఎవరో అమ్మాయి కోసం విల్లాఖ్‌లోనే దిగిపోయాడని చెప్పాను. పోలీసులకూ అదే చెప్పాను. పిన్నితో కలిసి విల్లాఖ్ వీధి వీధీ తిరిగి వెతికాను కూడా. ఆమె ఏడుస్తుంటే ఓదార్చాను. బూట్లు లేకుండా మంచులో దిగిపోయాడంటే ఎవరు నమ్ముతారు? అందుకే హీటరు మీది వాడి బూట్లు నా సంచిలో దాచేశాను. పదకొండేళ్లుగా అవి మా ఇంటి అటక మీదే ఉన్నాయి. ఆ బూట్ల మాట పిన్నికే కాదు, ఎవరికీ చెప్పలేదు.

ఇందాకే పిన్ని ఫోన్ చేసింది. స్టేషన్‌లో ఉందట. గొంతులో అంత సంతోషం నేనెన్నడూ వినలేదు.

"ఎవరో టోపీ పెట్టుకున్న పెద్దాయన మావాడి కబురు తెచ్చాడు నాయనా," అంది. "నిన్ను వెంటనే రమ్మంటున్నాడు. వాడికి కాళ్లు బాగా చల్లగా ఉన్నాయట... వచ్చేటప్పుడు బూట్లు తెమ్మన్నాడు."