సున్నా దగ్గర ముల్లు

పదిహేడో వార్డు నీటి పర్యవేక్షక పదవికి ఆ ఉదయం వచ్చిన మొదటి ఇద్దరినీ కాంక్షామాపకం తిరస్కరించింది. ఒకరికి నలభై, మరొకరికి అరవై రెండు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ వాళ్లు వెళ్లిపోయారు. పదవి కోరుకున్నట్టు బయటపడటం ఈ కాలంలో పెద్ద నామోషీ.

సాక్షి కుర్చీలో నవలాకారుడు అప్పలాచారి కూర్చుని ఉన్నారు. ఈ యంత్రానికి మూలం ఆయన వాక్యమే. విప్లవానికి ముందు రాసిన నవలలో, "విప్లవాన్ని శత్రువు ఓడించడు, గెలిచిన మర్నాడు కుర్చీ మీద పుట్టే కోరిక ఓడిస్తుంది" అన్నారాయన. గెలిచినవాళ్లు ఆ మాటను శాసనం చేశారు. బొటనవేలి నాడిని బట్టి అధికారం మీది కోరికను కొలిచే పరికరం తయారుచేయించి, ముల్లు అయిదు దాటినవారికి ఏ పదవీ దక్కదన్నారు. లంచాలు నిజంగానే పోయాయి. పనులు కూడా నెమ్మదించాయి. సున్నా వచ్చిన అధికారులు ఫిర్యాదులను ప్రశాంతంగా వినేవారు, అంతే ప్రశాంతంగా మరిచిపోయేవారు. ఆచారిగారికి ఆ ప్రశాంతత మీద చాలాకాలంగా అనుమానం. రుజువు లేనిదే మాట్లాడే అలవాటు లేక ఊరుకున్నారు.

మూడో మనిషి పైడితల్లి. ఇంతకుముందు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ తొంభై దాటి వెనక్కి పోయింది. వాళ్ల వీధి మంచినీటి గొట్టంలో మురుగు కలుస్తోంది. ఆమె కూతురు వేసవి నుంచీ వాంతులతో మంచం పట్టింది. గొట్టం ఎక్కడ పగిలిందో ఆమెకు తెలుసు. తవ్వించే అధికారం లేదు.

ఆమె వేలు పెట్టింది. ముల్లు సున్నా దగ్గరే నిలిచింది.

నమోదు అధికారిణి దమయంతి సంతోషించింది. ఆచారిగారు సంతోషించలేదు. మనసును మొద్దుబార్చే గుళికలు చేపల బజారులో దొరుకుతున్నాయని ఆయన విన్నారు. ఏమైనా మింగావా అని సూటిగా అడిగారు.

"మింగడానికి మంచినీళ్లెక్కడివి బాబూ" అంది పైడితల్లి.

"పోయిన నెల తొంభై మూడు, ఇవాళ సున్నా. మనిషి ఇంతలో మారడమ్మా."

"మారనేదు. ఎలిపోతన్నాం. పిల్లని నిన్ననే మా అప్ప ఊరు అంపేసినాను. రేపు సామాను ఎత్తేత్తాం. పిలుపు కాయితం వొచ్చింది గదా, రాకపోతే తప్పంటారని వొచ్చినాను."

ఆచారిగారు మళ్లీ ముల్లు వైపు చూశారు. యంత్రం అబద్ధం చెప్పలేదు. ఇన్నేళ్లుగా అది ఏరిన వారిలో నిస్వార్థపరులు ఎందరో, మనసులో ఎప్పుడో ఊరు ఖాళీ చేసినవాళ్లు ఎందరో! కుర్చీ కోసం తపించేవాడినీ, కుర్చీతో ఒక పని చేయాలని తపించేవాడినీ ఆయన వాక్యమే విడదీయలేదు. యంత్రం మాత్రం ఎలా విడదీస్తుంది?

దమయంతి ఉత్తర్వు చదవసాగింది. చదవడం ముగిసేదాకా వేలు తీయకూడదన్నది నిబంధన. వార్డులోని ఏ వీధినైనా తవ్వించే అధికారం అన్నచోట పైడితల్లి తలెత్తింది.

"ఏ ఈదైనా?"

దమయంతి కాగితం మీంచి చూపు తిప్పకుండానే అవునంది.

"రేపే తవ్వించొచ్చా? ఈదిలో మిగతావోళ్ల పిల్లలు అక్కడే ఉన్నారు."

ముల్లు కదిలింది. మూడు, ఏడు, పంతొమ్మిది. చూసింది ఆచారిగారు ఒక్కరే. అది ఆ పిల్లల కోసం పుట్టిన కోరికా, తాను ఏనాడో రాసిన కుర్చీ కోరికా? నలభై ఏళ్లు మనుషుల గురించి రాసిన ఆయన దగ్గర అది తేల్చే ఆధారం లేదు. ముప్పై నాలుగు.

"వేలు తియ్యమ్మా, చాలు" అన్నారు. పుస్తకంలో సున్నా అని రాసి సంతకం చేశారు. ఉత్తర్వును దమయంతి చేతిలోంచి తీసుకుని పైడితల్లికి అందించారు. ఆమె దండం పెట్టి గబగబా మెట్లు దిగింది.

ఇంకా రెండు పంక్తులు చదవవలసి ఉంది. దమయంతి కిందికి జారుతున్న ముల్లునూ, ఆయన ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. పరికరాన్ని నెమ్మదిగా ఆయన వైపు తిప్పింది.

"సాక్షికి కూడా అయిదు దాటకూడదు కదా మేష్టారూ. మీరూ ఓసారి పెట్టండి."

తన ముల్లు అయిదు దాటుతుందని తెలిసే ఆచారిగారు లోలోపల లెక్క వేసుకున్నారు. తన అనర్హత కాగితం పై మండలికి వెళ్లాలి. అక్కడివారు దాన్ని విప్పి చూసి, ఉత్తర్వు రద్దు చేసేసరికి నెల పడుతుంది. గొట్టం తవ్వడానికి రెండు రోజులు చాలు.

ఆయన వేలు పెట్టారు.