ఎగ్జిట్ మీద చెయ్యి

“నీళ్లలోంచి బయటపడటం నేర్పేవాడే నీళ్లలో మునిగి పోయాడంటే నమ్ముతావా?” అడిగాడు చీఫ్.

“నమ్మను సార్,” అన్నాడు గబ్బిలం. తలకిందులుగా వేలాడదీసినా నిజం చెప్పడని గూఢచారి డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది.

“రెస్క్యూ హెలికాప్టర్ ట్రైనింగ్ సెంటర్‌లో ఇన్‌స్ట్రక్టర్‌ని చంపేశారు. విదేశీ ముఠా పని. వాళ్ల చెరలోంచి మన సైంటిస్ట్ ఒకడు సరుకు ఓడలో దాక్కుని తప్పించుకొస్తున్నాడు. తుఫాను సముద్రంలో అతన్ని పైకి లాగగలిగే క్రూ మనకి ఒక్కటే ఉంది. రేపు వాళ్లకి ఆఖరి టెస్ట్. ఆ టెస్ట్‌లోనే వాళ్లని ముంచేస్తారు. డాక్టర్ వేషంలో నువ్వూ ఎక్కు.”

చీఫ్ ఆ క్రూ ఫొటో ముందుకి జరిపాడు. పైలట్‌ని చూడగానే గబ్బిలం ఫొటో చేతిలోకి లాక్కున్నాడు. సొంత చెల్లెలు! అన్నయ్య బ్యాంకులో గుమాస్తా అనుకుంటోంది పిచ్చిది.

“సార్, నాకు ఈత రాదు.”

“ఉద్యోగంలో చేరినప్పుడు వచ్చన్నావుగా?”

“ఉద్యోగం కావాలి కదా సార్.”

చీఫ్ ఒక వాచీ తోశాడు. బటన్ నొక్కితే పక్కవాడి మణికట్టుకి సంకెల పడుతుంది. “కొత్త ఇన్‌స్ట్రక్టర్ ముఠాలో ఉన్న మన మనిషే. ఆమె కోడ్, నీళ్లు చల్లగా ఉన్నాయి. నీ జవాబు, నాకు దాహంగా ఉంది.”

మర్నాడు దొంగ మీసం, హెల్మెట్, గాగుల్స్‌తో గబ్బిలం పూల్ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. కాలు ఒకచోట నిలవడం లేదు. క్రేన్‌కి డొల్ల హెలికాప్టర్ క్యాబిన్ వేలాడుతోంది. దాన్ని మనుషులతో సహా నీళ్లలో దించి తలకిందులు చేస్తారు. బెల్టు విప్పుకుని, కిటికీ తోసుకుని బయటపడాలి. ఇదీ చదువు!

నడుముకి క్రేన్ ఎమర్జెన్సీ రిమోట్ తగిలించుకుని ఇన్‌స్ట్రక్టర్ వచ్చింది. అంత అందగత్తె దగ్గర మునిగిపోవడానికైనా జనం క్యూ కడతారు.

“తలకిందులైతే దిక్కు తెలీదు,” అంది క్రూతో. “అందుకే మునగకముందే మీరు వెళ్లే ఎగ్జిట్ మీద చెయ్యి వెయ్యండి. మెదడు మర్చిపోయినా చెయ్యి మర్చిపోదు. ఇవాళ డైవర్లు ఉండరు. టెస్ట్ అంటే టెస్టే.” గబ్బిలం పక్కకొచ్చి గొంతు తగ్గించింది. “నీళ్లు చల్లగా ఉన్నాయి.”

“నాకు దాహంగా ఉంది.”

హమ్మయ్య, మనమ్మాయే అనుకున్నాడు.

ముందు సీట్లో చెల్లెలు, పక్కన మనుషుల్ని తాడుతో పైకి లాగే వించ్ ఆపరేటర్. వెనక గబ్బిలం, ఎడమ కిటికీ దగ్గర ఇన్‌స్ట్రక్టర్. క్యాబిన్ దిగుతోంది. అలల మిషన్ హోరులో ఏమీ వినపడటం లేదు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

గబ్బిలం చటుక్కున పక్కకి చూశాడు. ఆమె చెయ్యి తన కిటికీ మీద లేదు. అంత దూరం వెనక్కి చాచి, ఖాళీ సీటు పక్కనున్న కిటికీ మీద పెట్టింది.

అంటే ఆ ఒక్కటే తెరుచుకుంటుంది. మిగతావన్నీ బిగించేసింది. మన జీతం, వాళ్ల పని!

అరిచాడు. ఎవరికీ వినపడలేదు. నీళ్లు గొంతు దాటుతుండగా వాచీ నొక్కాడు. క్లిక్. ఆమె మణికట్టు, అతని మణికట్టు ఒకటైపోయాయి. క్యాబిన్ బోర్లా పడింది.

ముక్కులోకి నీళ్లు. చీకటి. ముందు సీట్లో చెల్లెలు కిటికీని గుద్దుతోంది, అది కదలడం లేదు. ఇన్‌స్ట్రక్టర్ బెల్టు విప్పుకుని గుంజింది, తన్నింది, గోళ్లతో రక్కింది. గబ్బిలం బెల్టు విప్పలేదు. ఈత రానివాడికి ఎక్కడికి పోవాలని తొందర? చస్తే అందరం కలిసే చద్దాం అనుకున్నాడు.

ఆ సంగతి ఆమెకీ అర్థమైంది. ఊపిరి అందక, రెండో చెయ్యి తన నడుముకున్న ఎమర్జెన్సీ రిమోట్ మీదికి పోయింది. నొక్కింది. క్రేన్ క్యాబిన్‌ని ఒక్క కుదుపుతో పైకి లాగేసింది.

గట్టు మీద అందరూ దగ్గుతున్నారు. వించ్ ఆపరేటర్ పూల్‌ని నోరారా తిట్టుకుంటున్నాడు. సెక్యూరిటీవాళ్లు సంకెల విప్పి ఇన్‌స్ట్రక్టర్‌ని తీసుకుపోయారు. గబ్బిలం మీసం నీళ్లలో తేలుతోంది.

చెల్లెలు కళ్లప్పగించి చూసింది. “అన్నయ్యా? నువ్వు బ్యాంకులో కదా?”

“ఇవాళ సెలవు పెట్టానమ్మా.”

చీఫ్ పరుగున వచ్చాడు. “ఆమె చెయ్యి ఎక్కడుందో కనిపెట్టావు, బాగానే ఉంది. మరి నీ చెయ్యి ఏ ఎగ్జిట్ మీద పెట్టావోయ్?”

గబ్బిలం తన కుడి చేతికేసి చూసుకున్నాడు. అది ఇంకా చెల్లెలి జాకెట్‌ని గట్టిగా పట్టుకునే ఉంది.

“మా చెల్లెలికి ఈత వచ్చు సార్,” అన్నాడు.