కూత వింటే తెరుచుకునే తలుపులు

శనివారం ఒంటిపూట బడి వదలగానే జాయ్స్ ఆకుపచ్చ టోపీ తలకెక్కించుకుంది. మెడలో స్టీలు విజిల్ వేసుకుంది. ఆ విజిల్ నోట్లో పెట్టుకుంటే నాణెం నాకినట్టు ఉంటుంది.

"ఇన్‌స్పెక్టరమ్మ వస్తా ఉండాది, దారి ఇడవండప్పా," అన్నాడు వెనకనుంచి నెల్సన్. వాడిదీ అయిదో తరగతే. వాడికి టోపీ రాలేదు. అందుకే ఆ వెక్కిరింత అని జాయ్స్ నమ్మకం.

చెత్తా కసువూ ఎక్కడబడితే అక్కడ పారబోయకుండా చూడడానికి మునిసిపాలిటీ వాళ్ళు వార్డులో వాలంటీర్లను పెట్టారు. వాళ్ళకు నాయకుడు గాడ్విన్. పిల్లల్లోంచి కొందరిని ఆయనే ఏరుకున్నాడు.

"తడి కసువు వేరే, పొడి కసువు వేరే పెట్టమని అందరికీ చెప్పండి," అన్నాడు ఏరుకున్న రోజు. "ఎవరైనా వీధిలో ఏస్తా కనబడితే విజిల్ ఊదండి. సిగ్గుపడి వాళ్ళే మానేస్తారు."

నిజంగానే మానేసేవాళ్ళు. జాయ్స్ ఊదగానే చిప్స్ కవరు పారేసిన పెద్ద పిల్లలు కూడా వంగి ఏరుకునేవాళ్ళు. అప్పుడు జాయ్స్ పొట్టలో ఒక పిల్లిపిల్ల ఒళ్ళు విరుచుకున్నట్టు ఉండేది. ఆ పిల్లిపిల్ల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం చివరి లైను ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి, పాత గని షాఫ్ట్ కంచె పక్కన ఎవరో ముసలామె సంచి పట్టుకొని నడుస్తోంది. కంచె లోపల తుమ్మ మొక్కలు, తుప్పు పట్టిన ఇనుము. ముసలామె అటూ ఇటూ చూసి సంచి పైకెత్తింది.

గళ్ళ శాలువ. కుడికాలు కొంచెం ఈడ్చే నడక. ఆగ్నెస్ అవ్వ.

జాయ్స్ గుర్తుపట్టింది. బడి నుంచి వచ్చి, పనికి పోయిన అమ్మ బెంగళూరు రైలు దిగేదాకా ఆమె ఉండేది ఆ అవ్వ ఇంట్లోనే. ఇప్పుడూ అన్నానికి అక్కడికే పోతోంది.

గుర్తుపట్టి కూడా ఊదింది.

గని కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన ఇళ్ళు అవి. ఒకే గోడకు ఇటొక ఇల్లు, అటొక ఇల్లు. కూత వినగానే వరస వరసంతా తలుపులు తెరుచుకున్నాయి. చేతికి పిండి అంటినవాళ్ళు, సగం గడ్డం గీసుకున్నవాళ్ళు, అందరూ గడపల్లోకి వచ్చారు.

"ఆగ్నెసమ్మ దొరికిపోయిందప్పో," అన్నారెవరో. నవ్వులు.

అవ్వ సంచి దించింది. మూతి గట్టిగా ముడి వేసింది. తిరిగి ఇంటివైపు నడుస్తూ జాయ్స్‌ని దాటి పోయింది. ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు జాయ్స్‌కి వినిపించింది.

పిల్లిపిల్ల ఎటో పోయింది.

ఆ వారమంతా అవ్వ తలుపు తెరవలేదు. జాయ్స్ రోజూ తట్టేది. "నీ యూనిఫారం గలీజవుతాది, మీ ఇంటికే పో," అని లోపలినుంచి గొంతు వచ్చేది. జాయ్స్ మెయిన్‌రోడ్డు పక్కనున్న తమ ఇంటి మెట్టు మీద కూర్చుని అమ్మ కోసం చూసేది. నేను చేసింది తప్పు కాదు, అని తనకు తానే చెప్పుకునేది. రూలు రూలే. అవ్వకైనా, ఎవరికైనా. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ మాట మింగుడు పడేది కాదు.

శుక్రవారం అమ్మకు చెప్పేసింది. అమ్మ పేరు ఎవాంజలిన్. రైలు దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"నువ్వు ఊదినప్పుడు ఎవరెవరు బయటికొచ్చినారు?"

"అందరూ."

అమ్మ చెంబు కింద పెట్టింది.

"గని ఉన్నప్పుడు షిఫ్టుకు సంగు కూసేది, సైరను మాదిరి. వేళ గాని వేళ కూసిందంటే లోపల ఏదో అయిందని. ఎవరి ఇంటాయనకో తెలీదు. ఆడోళ్ళంతా తలుపులు తీసుకొని నిలబడేవాళ్ళు. గని మూసి ఎంత కాలమైనా ఆ అలవాటు పోలేదు."

"ఆగ్నెస్ అవ్వ కూడా నిలబడేదా?"

"ఒక దినం నిలబడింది. ఆ దినం ఆమె ఇంటాయన్నే మోసుకొచ్చినారు."

జాయ్స్ మెడలోని విజిల్‌ను చొక్కా లోపలికి దోపుకుంది. చల్లగా తగిలింది.

మర్నాడు సాయంత్రం అమ్మ రాగిసంగటి, పులుసు గిన్నెలో పెట్టి ఇచ్చింది. జాయ్స్ టోపీ ఇంట్లోనే వదిలేసి వెళ్ళింది.

"అవ్వా, గిన్నె తీసుకో. నేను లోపలికి రాను."

తలుపు జానెడు తెరుచుకుంది. గిన్నె కంటే ముందు వాసన తగిలింది. కుళ్ళిన టమాటా వాసన. జాయ్స్ తల వంచి చూసింది. మంచం కింద నీలం తొట్టి. దాని నిండా ముడులు వేసిన సంచులు. పైన పళ్ళెం బోర్లించి ఉంది.

"ఏందవ్వా అది?"

"కసువు. బయట ఏస్తే విజిల్ ఊదుతారు కదా. ఇంట్లో ఊదరు."

"కసువు బండిలో ఏయొచ్చు కదవ్వా."

"యా బండి? మా లైనుకు ఏ బండి వచ్చినాది మే? మలుపు దాకా వస్తాది, అట్నుంచి అట్లే పోతాది. ఈ కాలేసుకొని నేను మెయిన్‌రోడ్డుకు యాడ మోసేది?"

"నాకు ఎందుకు చెప్పలేదు?"

అవ్వ ఆమె కళ్ళలోకి చూసింది.

"నువ్వు అడగలేదు. ఊదినావు."

తలుపు మూసుకుంది. గిన్నె మాత్రం తీసుకుంది.

జాయ్స్ పక్క తలుపు తట్టింది. "అత్తా, మీ ఇంటికి కసువు బండి వస్తా ఉండాదా?" రాదు. ఆ పక్క తలుపు. రాదు. వరస చివరిదాకా తడుతూ పోయింది. ఒకాయన వంటింటి మూల పోగుపడ్డ సంచులు చూపించాడు. ఒకామె నవ్వింది. "ఇప్పటికి అడిగిన దేవత నువ్వొక్కదానివే," అంది.

జాయ్స్ వెళ్ళేసరికి గాడ్విన్ తన ఇంట్లో ఆకుపచ్చ జెండాలకు తాడు కడుతున్నాడు.

"అన్నా, చివరి లైనుకు బండి ఎందుకు పోదు?"

"ఆ ఇండ్లు గని కంపెనీవి మే. మునిసిపాలిటీవి కావు."

"కంపెనీ మూసేసినారు కదన్నా."

"మూసేసినారు. ఇండ్లు మాత్రం ఇంగా కంపెనీవే."

"మరి కసువు ఎవరిది?"

గాడ్విన్ తాడు పక్కన పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ రోజు బాగా అలసిపోయి ఉన్నాడు. "రేపు మునిసిపాలిటీ పెద్ద సారు వస్తా ఉన్నారు. 'వీధిలో కసువు లేని వార్డు' అని మనకు బోర్డు ఇస్తారు. ఆరు నెల్లు కష్టపడినాము జాయ్స్. ఈ ఒక్క దినం గలాటా చేయొద్దు. చేసినావంటే టోపీ వాపసు తీసుకోవాల్సి వస్తాది."

"వీధిలో లేదన్నా," అంది జాయ్స్. "అవ్వ మంచం కింద ఉండాది."

ఆదివారం చర్చి వదిలాక ఊరేగింపు బయలుదేరింది. ముందు బంతిపూల దండలు వేసిన కసువు ఆటో, దాని మీద మైకులో పాట. వెనక ఆకుపచ్చ టోపీలు, వాటి మధ్య నడుస్తూ పెద్ద సారు. ఆటో నడిపే ఓబలప్ప కూడా ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

మలుపు వచ్చింది. ఆటో ఎప్పటిలాగే మెయిన్‌రోడ్డు వైపు తిరగబోయింది.

జాయ్స్ రోడ్డు మధ్యలో నిలబడి ఉంది.

పొట్టలో పిల్లిపిల్ల లేదు. అక్కడ ఏమీ లేదు, ఖాళీ. ఆ ఖాళీలోంచే ఊపిరి తీసి ఊదింది.

ఆటో ఆగింది. పాట కూడా ఆగింది.

"ఏమ్మే," అన్నాడు ఓబలప్ప, "నేనేం పారబోసినాను?"

"పారబోయలేదు మామా. తీసుకోలేదు."

గాడ్విన్ పరుగున వచ్చాడు. "జాయ్స్, పక్కకు రా. సారు చూస్తా ఉన్నాడు."

"చూడనీ అన్నా. చూపిద్దామనే ఊదినాను."

"నిన్న ఏం చెప్పినాను నీకు?"

జాయ్స్ టోపీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "టోపీ తీసుకో. విజిల్ ఇయ్యను."

గుంపులోంచి నెల్సన్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "ఇన్‌స్పెక్టరమ్మ బండినే పట్టేసినాది," అన్నాడు. ఈసారి ఆ మాటలో వెక్కిరింత లేదు. ఆటో పోవడానికి ఉన్న కాస్త సందు కూడా వాడి మోచేతులు మూసేశాయి.

జాయ్స్ చివరి లైను వైపు తిరిగి మళ్ళీ ఊదింది. ఊపిరి అయిపోయేదాకా ఊదింది.

తలుపులు తెరుచుకున్నాయి. ఎప్పటిలాగే, ఒకటి తర్వాత ఒకటి. జనం గడపల్లోకి వచ్చారు. ఆగిన ఆటోను చూశారు. దాని ముందు నిలబడ్డ పిల్లను చూశారు. నిన్న నవ్వినామె లోపలికి పోయి బకెట్ ఎత్తుకొచ్చింది. ఆమె వెనక ఇంకొకరు. సంచులు, డబ్బాలు, చేటలు.

పెద్ద సారు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "గాడ్విన్, ఈ లైను మనది కాదా?"

గాడ్విన్ తన చేతిలోని టోపీ వైపు చూశాడు. కంపెనీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చినట్టే ఉంది.

"మనదే సార్," అన్నాడు.

ఓబలప్ప గొణుక్కుంటూ ఆటోను చివరి లైనులోకి తిప్పాడు. గుంతల్లో పడి లేస్తుంటే బంతిపూలు రాలాయి.

అన్నిటికంటే చివర ఆగ్నెస్ అవ్వ తలుపు తెరుచుకుంది. నీలం తొట్టిని ఈడ్చుకొస్తోంది. జాయ్స్ పరుగెత్తింది. తొట్టి దగ్గర ఆగి చెయ్యి చాపబోయి, ఆపుకుంది.

"అవ్వా, ఒక పక్క నేను పట్టుకోనా?"

అవ్వ తొట్టికి రెండో పక్కకు జరిగింది.

"పట్టుకో. బరువు ఉండాది, చూసుకో."

ఇద్దరూ మోసి ఆటోలో కుమ్మరించారు. ఖాళీ తొట్టి ఎంత తేలికో.

"ఈ ఒక్క దినమే," అన్నాడు ఓబలప్ప చేతులు దులుపుకుంటూ. "రేపు నన్ను ఈ గుంతల్లోకి పిలవొద్దు."

"పిలవను మామా," అంది జాయ్స్. "మలుపు దగ్గర నిలబడి ఊదుతాను. ఎల్లుండి కూడా ఊదుతాను."

అవ్వ తొట్టి ఎత్తుకొని గడప దాటింది. తలుపు వేయలేదు. లోపలినుంచి గొంతు వచ్చింది.

"అన్నం మూత పెట్టి ఉండాది. రేపు ఊదేదానికి ఊపిరి కావాల కదా. వచ్చి తిను."