సీసాలో రెండు రంగులు

"మీరు బాగు చెయ్యలేదండీ, పాడు చేశారు! పదిహేను రోజులు తిరక్కుండానే మళ్ళీ కారుతోంది. చేతకాకపోతే చేతకాదని చెప్పాలి. అంత పెద్ద బోర్డు ఎందుకు మరి?"

షెడ్డు గుమ్మంలో వాన. వానలో ఆమె. ఆమె వెనక ఒక పక్కకి ఒరిగి నిలబడ్డ పాత మోటర్‌హోమ్.

మెకానిక్ చేతిలో స్పానర్ పక్కన పెట్టాడు. పదిహేను రోజులుగా ఈ మనిషి మళ్ళీ రావాలని కోరుకున్నాడు. వచ్చింది, తిట్లతో సహా.

ఆమె కళ్ళు పరీక్షించి అద్దాలిస్తుంది. ఆ బండే ఇల్లు, ఆ బండే దుకాణం. తోలేది వాళ్ళ నాన్న. ఆగినచోట నాలుగు మూలలా నాలుగు జాకీలు దిగి బండిని సమంగా నిలబెట్టాలి. వాటిని నడిపేది నూనె ఒత్తిడితో పనిచేసే ఒక హైడ్రాలిక్ పంపు. అది కారిందంటే జాకీలు కుంగుతాయి, నేల వాలుతుంది. పరీక్షకి కూర్చున్నవాడు అక్షరాలు వదిలేసి కుర్చీ పట్టుకుంటాడు.

"రేపు పొద్దున బడిలో రెండొందల మంది పిల్లలు. రేపూ ఇలాగే వాలితే ఆ బడివాళ్ళు నన్నిక పిలవరు."

"సాయంత్రానికి ఇచ్చేస్తాను మేడమ్."

"పోయినసారీ ఇదే మాట."

పోయినసారి పంపులో వేసే రబ్బరు సీలు దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో మెకానిక్ మూడుసార్లు కళ్ళ పరీక్ష చేయించుకున్నాడు. కింది వరస కనబడటం లేదన్నాడు. మూడోసారి ఆమె చార్టు తిరగేసి, తెల్లటి వెనకవైపు చూపించి, "ఇప్పుడు?" అంది. "ఇప్పుడు కొంచెం నయం" అన్నాడు మహానుభావుడు. ఆమె ముఖం తిప్పుకుని నవ్వింది. ఆ నవ్వు పెట్టుకునే ఇన్నాళ్ళు బతికాడు.

డ్రైవరు సీట్లోంచి పెద్దాయన తల బయటపెట్టాడు. "తిడుతోందా అబ్బాయ్? నన్నూ అంతే. నువ్వు పని చూసుకో."

"అలాగే బాబాయ్."

మెట్టు పక్కన అర తెరిచి పంపు విప్పాడు. ట్యాంకులో నూనె గాజుసీసాలోకి వంపాడు. కాసేపటికి సీసాలో రెండు రంగులు తేలాయి. పైన ఎరుపు, కింద పసుపు. ఎరుపు పంపు నూనె. పసుపు బ్రేక్ ఆయిల్. ఈ రెండూ ఎన్నటికీ కలవవు. పైగా ఈ పంపులో సీళ్ళకి బ్రేక్ ఆయిల్ విషం. తాను వేసిన కొత్త సీలు నానిన పల్లీలా ఉబ్బి, వేలితో నొక్కితే నలిగిపోయింది.

"బాబాయ్, నూనె ఎవరు పోశారు?"

"నేనే. తగ్గినట్టనిపిస్తే పోస్తుంటా. సీటు కింద డబ్బాలున్నాయిగా."

"చూసే పోశారా?"

"చూడ్డమెందుకు? ముప్పై ఏళ్ళ చెయ్యిది. పట్టుకుంటే తెలిసిపోతుంది."

సీటు కింద రెండు డబ్బాలు, ఒకటి పంపు నూనెది, ఒకటి బ్రేక్ ఆయిల్ది. ఒకే ఎత్తు, ఒకే మూత. కూతురు చేసిచ్చిన కళ్ళజోడు పెద్దాయన జేబులో, మడత విప్పకుండా ఉంది.

చెప్పాల్సింది అప్పుడే. కానీ మనకొక రోగముంది. పెద్దవాడి తప్పు కనబడగానే దాని మీద మర్యాద అనే గుడ్డ కప్పేస్తాం. కప్పి, మంచివాళ్ళమని మనకి మనమే వీపు తట్టుకుంటాం. మెకానిక్కూ అదే చేశాడు.

"ఏమైంది?" అంటూ ఆమె వచ్చింది.

"సీలు నాసిరకం మేడమ్. తప్పు నాదే."

"పోనీలే అమ్మా" అన్నాడు పెద్దాయన ఉదారంగా. "చేతులన్నాక తప్పులు చేస్తాయి. కుర్రాణ్ణి క్షమించెయ్."

మెకానిక్ ఆ క్షమాభిక్ష పుచ్చుకుని పనిలో పడ్డాడు. ట్యాంకు కడిగాడు. గొట్టాల్లో కొత్త నూనె పంపి పాతదంతా బయటికి తోశాడు. పోయినసారి ఎక్కువ తెప్పించి ఉంచిన సీళ్ళతో పాతవన్నీ మార్చాడు. మధ్యాహ్నం తిరిగేసరికి నాలుగు జాకీలూ దిగి గట్టిగా నిలబడ్డాయి. ఆమె లోపల నేల మీద ఒక గుండ్రటి అద్దాన్ని అంచు మీద నిలబెట్టింది. అది దొర్లలేదు.

మెచ్చుకోవడానికే దిగింది. బల్ల మీద సీసా చూసి ఆగిపోయింది.

"ఇదేంటి, రెండు రంగులు?"

"పాత నూనె."

"కింది వరస కనబడట్లేదన్నప్పుడు కూడా నీ ముఖం ఇలాగే ఉంది." సీసా మూత తీసి వాసన చూసింది. "బ్రేక్ ఆయిల్ వాసన. నాన్న పోశాడు కదూ?"

అతను సీసా అందుకుని మూత బిగించాడు.

"ఎందుకు దాచావు?"

"కూతురి ముందు ఆయన చిన్నబోకూడదని."

"అంతేనా?"

చేతిలో పొడిగుడ్డని మెకానిక్ పిండాడు. "నాన్నని తప్పుపట్టినవాణ్ణి మీరు మళ్ళీ చూడరేమోనని. పదిహేను రోజులుగా మీరు వచ్చే దారే చూస్తున్నాను. నాకు మీరంటే ఇష్టం."

"ఇష్టమైతే ఎవరైనా ఇలా చేస్తారా? రేపు ఇదే చేత్తో ఆయన బ్రేకులో ఎర్ర నూనె పోస్తాడు. బడి దగ్గర వాలు. ఎదురుగా పిల్లలు. ఆ తర్వాత నీ ముఖం చూస్తాననుకున్నావా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని మెకానిక్ అప్పుడు గమనించాడు. సంతోషించే వేళ కాదనీ గమనించాడు. అతను దాచింది అరచెయ్యంత సీలు సంగతి కాదు, ప్రాణాలు తీసే తప్పు.

"తప్పయింది. నేనే చెబుతాను."

"నేను చెబితే కూతురి నస అంటాడు. మెకానిక్ చెబితే వింటాడు."

"సరే. బాబాయ్‌కి చెప్పడం ఎలా మొదలెట్టాలో..."

"ముందా బాబాయ్ మానెయ్. ఆయన నీకు బాబాయ్ అయితే నేనేమవుతాను?"

మెకానిక్ వరస కలిపి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మరేమని పిలవను?"

"ఆయన్నే అడుగు. అది రెండో మాట. మొదటిది చెప్పకుండా దాని జోలికెళ్ళకు."

"ఏంటర్రా గుసగుసలు?" పెద్దాయన కేకేశాడు. "చీకటి పడకుండా బయల్దేరదాం." ఇంజను గురగురమంది.

ఆమె చకచకా ఎక్కి తాళంచెవి లాగేసుకుంది. ఇంజను ఆగిపోయింది.

"నాన్నా, ఈయన నీకో మాట చెప్పాలి. వినేదాకా బండి కదలదు."

కిటికీ కింద, వానలో నిలబడ్డ మెకానిక్ వైపు తిరిగింది.

"చెప్పు. మెత్తమెత్తగా కాదు, ఉన్నదున్నట్టు. రేపు కాదు, ఇప్పుడే."