రొదజల్లెడ

2079లో అనంతపురంలో ఏ గోడకూ ప్లగ్గు రంధ్రం లేదు. కరెంటు గాలిలోనే వస్తుంది. ఫ్యాను, పొయ్యి, ఫోను అన్నీ గాలిలోంచే తాగుతాయి. దాంతోపాటు జుమ్మనే సన్నటి హమ్ ఒకటి ప్రతి వస్తువులోకీ దూరుతుంది. మామూలు మనుషులకు అది వినబడదు. వినికిడి పరికరాలను పరీక్షించే హైమావతికి మాత్రం అదే ఆగర్భ శత్రువు.

ఆమె పనిచేసే కంపెనీ చెవిగింజలు తయారుచేస్తుంది. వినికిడి పోయినవారి చెవి లోపల ఆపరేషన్ చేసి అమర్చే, శనగగింజంత పరికరాలవి. ఒకప్పుడు వాటిని గాలిలోని హమ్ చొరబడని రాగి జాలీ గదిలో పెట్టి, టెస్టు సామానంతటికీ ఒకే ఎర్త్ ఇచ్చి, బ్యాటరీ మీటరుతో కొలిచేవారు. గింజకు గంట పట్టేది. తర్వాత రొదజల్లెడ వచ్చింది. టెస్ట్ లైనులో కొత్త శబ్దం ఏది తగిలినా ఈ యంత్రం ఒక్కసారి అడుగుతుంది: "ఇది రొదా, సంకేతమా?" రొద అంటే చాలు, ఇక జన్మలో దాన్ని కొలతలోకి రానివ్వదు. డైరెక్టరు ఫణిభూషణ్ మురిసిపోయి రాగి గదిని పీకించేశాడు. ఆ జాలీ ముక్కల మీద ఇప్పుడు క్యాంటీన్ వాళ్లు వడియాలు ఎండబెట్టుకుంటున్నారు. అవి కంటపడ్డప్పుడల్లా హైమావతికి ఒళ్లు మండేది.

ఆ ఉదయం, కంపెనీ గింజ పెట్టించుకున్న వెల్డరు మస్తాన్ వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"చెవిలో తుమ్మెద దూరినట్టుంది మేడమ్. ఎనిమిది నెలలాయె కంటికి కునుకు లేక. డాక్టర్లేమో అంతా నీ బుర్రలోనే ఉందంటాండారు. ఈ గింజ పీకేయండి. చెవిటోడిగానే బతుకుతా."

అతన్ని వరండాలో కూర్చోమని పంపి, ఫణిభూషణ్ స్క్రీను చూపించాడు. "గింజల్లో రొద సున్నా అంటోంది జల్లెడ. అతని నరాల బలహీనతకు మనమేం చేస్తాం? సాయంత్రం పదివేల గింజలు ఆసుపత్రులకు వెళ్లాలి హైమావతిగారూ. సంతకం పెట్టండి."

ఆమె పెట్టలేదు. విసవిసా క్యాంటీనుకు వెళ్లి, వడియాలు కాగితం మీదికి దులిపేసి, జాలీ ముక్కలతో ఒక పెట్టె కట్టింది. జల్లెడ ఆపేసింది. పాత బ్యాటరీ మీటరు వెతికి తెచ్చి, ఒక్కటే ఎర్త్ ఇచ్చింది. ముందు ఖాళీ పెట్టెను కొలిచింది. ముల్లు కదల్లేదు. తర్వాత అందులో కొత్త గింజను పెట్టింది. ముల్లు లేచి నిలబడింది. ఆ హమ్ గాలిలోంచి రావడం లేదు. గింజలోని చిప్పే జుమ్మంటోంది.

హైమావతి మీటరుతో సహా డైరెక్టరు మీదికి వెళ్లింది. "మనుషుల చెవుల్లో తుమ్మెదల్ని కుట్టి పంపాం! ఇది రొద అని ఆ పాపిష్టి యంత్రానికి నేర్పింది మీరే. పైగా అతనిది నరాల బలహీనతా? గురివింద గింజకు తన నలుపు తెలియదని ఊరికే అన్నారా?"

"నేను దాన్ని ముట్టుకోనైనా లేదు. కావాలంటే దాన్నే అడగండి."

ఆమె జల్లెడ ఆన్ చేసింది. "ఈ హమ్ రొద అని ఎవరు చెప్పారు?"

"నిరుడు మార్చి తొమ్మిది, మధ్యాహ్నం పన్నెండూ యాభై," అంటూ యంత్రం రికార్డింగు వినిపించింది. టిఫిన్ క్యారియర్ మూత తీస్తున్న చప్పుడు. ఆ వెంటనే హైమావతి గొంతు: "అబ్బా, రొదే, రొదే! ప్రాణం తోడకు, పని కానీ."

"తర్వాత మూడువేల గింజల్లో ఇదే హమ్ తగిలింది. జవాబు తెలుసు కనక మళ్లీ అడగలేదు."

హైమావతి మీటరు కింద పెట్టి కుర్చీలో కూర్చుంది. పొద్దుటినుంచి పెంచుకున్న కోపమంతా ఆమె మీదికే తిరిగింది. ఫణిభూషణ్ గొంతు తగ్గించాడు. "జరిగిందేదో జరిగింది. సరుకు ఆపుదాం. ఈ రికార్డింగు మాత్రం బయటికి పోకూడదు. మీ మంచికే చెబుతున్నా."

"టెస్ట్ లైనులో కొత్త శబ్దం, మగ గొంతులో గుసగుస," అంది జల్లెడ. "ఇది రొదా, సంకేతమా?"

రొద అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చేసింది. నిరుటిలాగే అంత సులువుగా వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి తలుపు బార్లా తీసింది.

"మస్తాన్, లోపలికి రా నాయనా. నీ చెవిలో తుమ్మెదను ఎవరు పెట్టారో విందువు గాని."