గేటు నుంచి అరుగు దాకా

నల్లరేగడికి మర్యాద తెలియదు. వచ్చింది పెళ్లిచూపులకని కూడా చూడకుండా, మిర్యాలగూడ రైస్ మిల్లు వెంకటేశం గారి గేటు లోపల, అది సూర్యాపేట వాళ్ల కారును ఇరుసుల దాకా మింగేసింది.

అది 1949, శ్రావణమాసం. ముందురోజంతా కుండపోత. పెళ్లికొడుకు ఓంప్రకాష్ కిందికి దిగి, తెల్లధోవతి ఎగగట్టి, వెనక నుంచి కారు తోశాడు. పేరు విని ఉత్తరాది వాడనుకునేరు. తండ్రి ఆర్యసమాజం మనిషి, ముచ్చటపడి పెట్టుకున్న పేరది. కారుకు మాత్రం ఆ ముచ్చటేమీ పట్టలేదు. చక్రం గిర్రున తిరిగి, అతన్ని నెత్తి నుంచి మోకాళ్ల దాకా బురదతో అలికింది.

కిటికీ వెనక నిలబడ్డ పెళ్లికూతురు గిరిజకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. అతను తలెత్తాడు. మొహంలో కళ్లు తప్ప ఇంకేమీ కనపడటం లేదు. ఆ కళ్లతో ఆమెను చూసి, తోయడం మరిచిపోయాడు.

సరిగ్గా అప్పుడే అతని తల్లి భద్రమ్మ కారు దిగింది. దిగడమేమిటి, దిగబడింది. మిల్లులో పనిచేసే పెద్దాయన లచ్చయ్య పరుగున వచ్చి చెయ్యందిస్తే గానీ బయటపడలేదు.

"నవ్విందెవరు?" అంది భద్రమ్మ.

గిరిజ తలుపు తీసుకుని అరుగు మీదికి వచ్చింది.

"నేనే అత్తా. మిమ్ముల సూసి కాదు."

"మరెవల్ని సూసి?"

"మీ కొడుకును సూసి."

"రెండూ ఒకటే! ఇగో వెంకటేశం, ఈ బురదల మల్ల కాలు పెడితె నా పేరు భద్రమ్మ కాదు." ఆవిడ ఇంట్లోకి రాకుండానే వెనక్కి తిరిగి, బస్సెక్కి సూర్యాపేట వెళ్లిపోయింది. కారును సాయంత్రం రెండు జతల ఎడ్లు బయటికి లాగాయి.

వెంకటేశం తల పట్టుకున్నాడు. "కోదాడ సంబంధమోల్లు దసరాకు వస్తమంటున్నరు. ఆల్లనన్న జర నవ్వకుండ సూడు బిడ్డా."

బురద ముద్దలోంచి తనను చూసిన ఆ రెండు కళ్లే గిరిజకు గుర్తొస్తున్నాయి. సంబంధం తప్పిపోయిందని తెలిసిన గడియలోనే ఆమె మనసు గట్టిగా తేల్చేసుకుంది. చేసుకుంటే అతన్నే.

*

వారం తిరగకుండానే ఓంప్రకాష్ బస్సు దిగి, భుజం మీద ఓ రాతిపలకతో గేట్లోకి వచ్చాడు. ఆయాసపడుతూ దాన్ని అరుగు పక్కన దించాడు.

"షాబాదు బండ," అన్నాడు వెంకటేశంతో. "మా అమ్మ బురదల కాలు పెట్టనన్నది గని, మీ ఇంట్ల పెట్టనన్లేదు. బురద ఖతమయితె ఒట్టు ఖతం. గేటు నుంచి అరుగు దాకా ఈ బండలు పరిపియ్యున్రి. అమ్మను తీసుకొచ్చే పూచీ నాది."

వెంకటేశం మొహం వెలిగింది. హైదరాబాదు సిమెంటు రోడ్లు చూసొచ్చినప్పటి నుంచి ఆయనకు తన వాకిట్లోనూ అలాంటిదొకటి ఉండాలని ఆశ. పోలీస్ యాక్షన్ అయి ఏడాది కూడా నిండలేదు, సిమెంటుకు పర్మిట్ దొరకడం గగనమైపోయింది. బండలైతే ఆ తిప్పలు లేవు.

"రేపే తెప్పిస్త," అన్నాడు.

"వద్దు," అంది తలుపు వెనక నుంచి గిరిజ.

ఇద్దరూ అటు తిరిగారు. ఆమె బయటికే వచ్చేసింది.

"బండలు వద్దు నాయినా. మొరం పోపియ్యాలె."

"మొరమా?" ఓంప్రకాష్ నవ్వాడు. "అంటె ఎర్రమట్టే గద. నల్లబురద పోయి ఎర్రబురద వస్తది. మా అమ్మేమన్న రంగు సూసి ఒట్టు పెట్టుకున్నదా?"

"కింద కంకరేసి నీళ్లు ఆగకుండ సూసుకుంటె బురదెట్లయితది? మీ బండల సంగతి చెప్పున్రి. కింద ఉన్నది రేగడి. వానకు ఉబ్బుతది, ఎండకు నెర్రెలిస్తది. ఏడాదికల్ల ఒక బండ లేస్తది, ఒక బండ కుంగుతది."

"మీకెట్ల తెలుసు?"

"మిల్లుకు వడ్లబండ్లు వచ్చే బాట మొరందే. పుట్టినకాంచి సూస్తున్న."

"నేను మాట్లాడేది కారు గురించి. మీరు మాట్లాడేది ఎడ్లబండి గురించి."

"మొన్న మీ కారును గుంజిందేంది మరి? మల్ల ఆగితె మల్ల ఎడ్లే రావాలె. లాడాలు కొట్టిన ఎడ్లు ఈ నున్నటి బండ మీద నిలబడ్తయా?"

ఓంప్రకాష్ తగ్గలేదు. "ఎడ్ల సంగతి నాకెరుక లేదు గని, మనుషులు నిలబడ్తరు."

"అయితె నిలబడున్రి." గిరిజ బిందెడు నీళ్లు తెచ్చి బండ మీద ఒంపింది.

పౌరుషానికి పోయి అతను కొత్త తోలుచెప్పులతో దాని మీదికి ఎక్కాడు. ఒక్క క్షణం బాగానే నిలబడ్డాడు. రెండో క్షణంలో కాళ్లు ఆకాశంలో, వీపు నేల మీద.

గిరిజ మళ్లీ నవ్వింది. ఆ నవ్వు పూర్తవకముందే తప్పు చేశానని తెలిసింది ఆమెకు. అతని మొహం ఎర్రబడింది. లేచి, ధోవతి దులుపుకుని, "పోయొస్త" అన్నాడు. చాయ్ తాగమని వెంకటేశం గేటు దాకా వెంటపడ్డా వెనక్కి తిరగలేదు.

ఆ రోజు గిరిజ అన్నం ముందు కూర్చుని ఊరికే కెలికింది. తర్వాతి వారం సూర్యాపేట బస్సు వచ్చే వేళకల్లా ఏదో ఒక పని పెట్టుకుని అరుగు మీదే ఉంది. బస్సు వచ్చేది. అతను రాలేదు.

ఏడుస్తూ కూర్చోవడం ఆమెకు చేతకాదు. తండ్రి దగ్గరికి వెళ్లి, "మొరం పని మొదలు పెట్టిద్దాం నాయినా," అంది.

"మనిషే రానప్పుడు బాటెందుకే?"

"వస్తడు."

"రాకపోతె?"

"కోదాడోల్లు వస్తరంటివి గద. ఆల్లకన్న పనికొస్తది."

వెంకటేశం లేచి వెళ్లబోతే గిరిజ అడ్డం నిలబడింది.

"ఒక్క మాటియ్యి నాయినా. దసరా లోపల సూర్యాపేటోల్లు వచ్చి నన్ను అడిగితె, కోదాడోల్లను రావద్దని చెప్పాలె. రాకపోతె నువ్వు సూపిచ్చినోనికి మెడ వంచుత."

"ఎంత జిద్దే నీకు!" అని విసుక్కుంటూనే ఆయన మాట ఇచ్చాడు.

లచ్చయ్య మనుషులను పెట్టి నల్లమట్టి మోకాలి లోతు తవ్వించాడు. అడుగున రాళ్లు, వాటి మీద కంకర, పైన మొరం. బండి మొరం వచ్చినప్పుడల్లా గిరిజ ఎండలోనే వెళ్లి, గుప్పెడు తీసి, తడిపి పిసికేది. ముద్దయిందంటే బంకమట్టి ఎక్కువున్నట్టు. ఆ బండి వచ్చిన దారినే వెనక్కి.

"చిన్నమ్మా, గింత ఎండల నిలబడితె నల్లబడ్తవు. కోదాడోల్లు వద్దంటరు," అన్నాడు లచ్చయ్య.

"అననీ తాతా. నాకదే కావాలె."

మధ్యలో కాస్త ఎత్తు, రెండు పక్కలకూ వాలు, వాలు కింద సన్న కాలువ. తడిపి, రాతి రోలరుకు ఎడ్లను కట్టి, అటూ ఇటూ తొక్కించారు. బాట తయారైంది. ఎర్రగా, గట్టిగా, చూడముచ్చటగా ఉంది. నడిచి రావలసిన వాళ్ల జాడే లేదు.

ఇంకో నాలుగు రోజుల్లో దసరా అనగా, సూర్యాపేట నుంచి వచ్చిన వడ్లబండి మనిషి లచ్చయ్యకు ఓ కబురు చెప్పాడు. భద్రమ్మ రేపు వస్తోందట. కొడుకు కూడా వస్తాడట. ఎందుకో మాత్రం చెప్పలేదట.

*

తెల్లవారుజామున వాన దంచికొట్టింది. గిరిజ లేవగానే వాకిట్లోకి పరుగెత్తింది. ఒక్క మడుగు లేదు. నీళ్లన్నీ కాలువలోకి జారిపోయాయి. ఆమెకు సంతోషంతో కళ్లు చెమర్చాయి.

బస్టాండు నుంచి సవారీ బండి వచ్చింది. భద్రమ్మ కారు మొహం చూడనని ఒట్టేసుకుందట. బండి గేటు దగ్గర ఆగింది.

"లోపటికి తోలున్రి! అరుగు దాకా రావచ్చు!" వెంకటేశం చేతులూపాడు.

"పిల్లనడుగ వచ్చినోల్లు గేటు కాడ దిగి నడిచి రావాలె," అంది భద్రమ్మ. "బండిల కూసోని రానీకి నేనేమన్న తాసిల్దారునా?"

పిల్లనడగడానికే! గిరిజ గుండె ఎగిరి గంతేసింది. భద్రమ్మ కొడుకు భుజం పట్టుకుని దిగి, మొరం మీద కుడికాలు మోపింది.

"స్స్!"

కాలు వెనక్కి తీసుకుంది. మళ్లీ మోపింది. మళ్లీ తీసుకుంది.

గిరిజ ఆ కాళ్ల వంక చూసింది. చెప్పులు లేవు. ఆ తరం కోమటిళ్ల ఆడవాళ్లకు చెప్పుల అలవాటు ఎక్కడిది? తన నాయనమ్మ కూడా చచ్చేదాకా ఉత్తకాళ్లతోనే నడిచింది. రోలరు ఎంత తొక్కినా, వానకు పైమట్టి కడుక్కుపోయి రాళ్ల మొనలు లేచి ఉన్నాయి.

"గా బురదనే నయముండె," అంది భద్రమ్మ. "మెత్తగుండె."

వెంకటేశం మొహంలో నెత్తురు లేదు. ఓంప్రకాష్ తల్లిని చూశాడు, గిరిజను చూశాడు, ఏం చేయాలో తోచక నిలబడ్డాడు.

గిరిజ ఒక్క ఉదుటున ఇంటి వెనకాల మిల్లులోకి ఉరికింది. చేతికందిన గోనెసంచులు చంకన పెట్టుకుని ఉరుకుతూ వచ్చింది. భద్రమ్మ పాదాల ముందు ఒకటి పరిచింది. దాని ముందు ఇంకోటి. భద్రమ్మ ఎక్కి నడిచింది. గేటు నుంచి పది అడుగులు రాకముందే సంచులు అయిపోయాయి.

వెనకది తీసి ముందుకు వేద్దామని గిరిజ తిరిగేసరికి, ఓంప్రకాష్ అప్పటికే వంగి దాన్ని తీస్తున్నాడు. అతను అందించాడు, ఆమె పరిచింది. తల్లి నడిచింది.

"కోపం పోయిందా?" అంది గిరిజ, సంచి అందుకుంటూ.

"నాకెప్పుడొచ్చింది?"

"బండ మీద పడ్డనాడు."

"అది కోపం కాదు, సిగ్గు. మీరు నవ్వుతుంటె ఇంకోసారి పడాలనిపిచ్చింది. పడితె బాగుండదని పోయిన."

"పోయి ఇన్ని దినాలా?"

"అమ్మను ఒప్పియ్యాలె గద. పొద్దుగాల అడిగితె వద్దన్నది. మాపటికి అడిగితె వద్దన్నది. రోజూ అదే మాట చెప్పిన."

"ఏం మాట?"

అతను సంచి ఇవ్వకుండా ఒక్క క్షణం ఆగాడు. "చేసుకుంటె గిరిజనే అని."

ఆమె మొహం మొరం కంటే ఎర్రబడింది. చేతిలో సంచి ఎటు పరవాలో తెలియలేదు.

"ఆ సంచి ఇంత ముందటికెయ్యి బిడ్డా," అంది పైనుంచి భద్రమ్మ. "నాకు చెవుడు లేదు గని, నిలబడి నిలబడి నడుము పోతున్నది."

అరుగు చేరాక గిరిజ చెంబుతో నీళ్లు తెచ్చి, ఆవిడ పాదాలకంటిన ఎర్రమట్టి కడిగింది.

"బాట ఏపిచ్చింది నువ్వేనట గద?" అడిగింది భద్రమ్మ.

"నేనే అత్తా. బండి చక్రాలను యాదుంచుకున్న, ఎడ్ల కాళ్లను యాదుంచుకున్న. మీ కాళ్లను మరిసిన."

భద్రమ్మ గిరిజ తల మీద చెయ్యి వేసి, తండ్రి వైపు తిరిగింది.

"వెంకటేశం, పెండ్లినాటికి దీని మీద ఇసుక కొట్టియ్యి. మా దిక్కుకెల్లి ముసలోల్లు మస్తుమంది వస్తరు. ఒక్కలకు గూడ చెప్పులుండవు."

వెంకటేశం లచ్చయ్యను కేకేశాడు. కోదాడకు కబురు ముందా, ఇసుకబండ్లు ముందా అని ఆయన తికమక పడుతుంటే, గిరిజ తలెత్తకుండానే అంది.

"ఏటి ఇసుకయితె మెత్తగుంటది నాయినా. జల్లెడ పట్టియ్యాలె."

"జల్లెడ నేను పడ్త," అన్నాడు ఓంప్రకాష్.